ఆఫీసు వాట్సాప్ గ్రూపులు, రెండు సీటీ స్కానర్లు: వైజాగ్ వాళ్లు మీ అనుభవాలు చెప్పండి

సముద్రపు_గాలి | శనివారం సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. నేను విశాఖలోనే మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. పని చేసే చోట మాట ఎలా నడుస్తుంది, కొత్త టెక్నాలజీ వస్తే ఆ మాట ఏమవుతుంది అన్నది నా అంశం. ఇంట్లో చెబితే "అంటే ఆఫీసు కబుర్ల మీద డాక్టరేటా?" అన్నారు. దాదాపు అంతే.

నన్ను ఇటు లాగింది స్టీఫెన్ బార్లీ అనే పరిశోధకుడు 1986లో ప్రచురించిన ఒక వ్యాసం. అమెరికాలోని మసాచుసెట్స్‌లో రెండు ఆసుపత్రులు. రెండింటికీ ఒకే రకం సీటీ స్కానర్ వచ్చింది. బార్లీ యంత్రాలు రాకముందే వెళ్లి ఆ రేడియాలజీ విభాగాల్లో కూర్చున్నాడు. వచ్చాక కూడా నెలల తరబడి కదల్లేదు. ఎవరు ఎవరిని అడుగుతున్నారు, ఎవరు చెబుతున్నారు, ఎవరు కసురుకుంటున్నారు, అన్నీ రాసుకున్నాడు.

ఒక చోట యంత్రం బాగా తెలిసిన టెక్నీషియన్లను పెట్టుకున్నారు. డాక్టర్లకేమో సీటీ కొత్త. డాక్టరే టెక్నీషియన్‌ని అడగాలి. టెక్నీషియన్ ఆయనకు నేర్పుతున్నట్టు కనబడకుండా నేర్పాలి. ఈ మొహమాటం భరించలేక డాక్టర్లు స్కానర్ దగ్గరికి రావడం తగ్గించి తమ గదుల్లోనే ఉండిపోయారు. రోజువారీ నిర్ణయాలు టెక్నీషియన్ల చేతికొచ్చాయి. రెండో చోట టెక్నీషియన్లు కొత్తవాళ్లు. డాక్టర్లు పక్కన నిలబడి అది చెయ్యి, ఇది చెయ్యి అంటూ నడిపించారు. పెత్తనం చాలావరకు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. యంత్రం ఒకటే, తయారైన ఆఫీసులు రెండు రకాలు.

ఇక మన ఊరు. పోర్టు, ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, రుషికొండ ఐటీ కొండలు, పూర్ణామార్కెట్ కొట్లు, ఎక్కడ చూసినా అదే వాట్సాప్. అది వచ్చాక మీ దగ్గర ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు? ఎవరి మాటకి బలం పెరిగింది? సంస్థల పేర్లు, మనుషుల పేర్లు మాత్రం వద్దు.

రుషికొండ_నైట్‌షిఫ్ట్ | 7:05

మా టీమ్ లీడ్ "హాయ్" అని పెడతాడు. అంతే, ఆగిపోతాడు. మనం "చెప్పండి" అనాలి. అప్పుడు టైప్ చేస్తున్నట్టు ఆ చుక్కలు కదులుతూ ఉంటాయి. ఆ రెండు నిమిషాల్లో నాకు ఉద్యోగం పోయినట్టు, హోమ్ లోన్ కంతు తప్పినట్టు, పెట్టె సర్దుకుని నర్సీపట్నం బస్సెక్కినట్టు అన్నీ కనిపిస్తాయి. చివరికి వచ్చేది "ఆ ఫైల్ ఎక్కడుంది?" అని.

దీని మీద రాయండి మేడమ్, సాక్షి సంతకం నేను పెడతా.

సూటిగా_చెప్తా | 7:31

ఏమీ అనుకోకండి. ఇలాంటివి చదివినప్పుడల్లా తెలిసిన సంగతినే తెలియని మాటల్లో చెబుతున్నారనిపిస్తుంది. మనుషుల్ని బట్టే ఇల్లయినా ఆఫీసయినా అని మా అమ్మమ్మ కూడా అనేది, ఆవిడ మసాచుసెట్స్ వెళ్లలేదు. నేను 22 మంది టీమ్‌ని చూసుకుంటున్నాను. నాకు కావాల్సింది ఒక్కటే: గ్రూపులు ఉంచాలా, పీకేయాలా?

ఎక్స్‌రే_గది | 8:10

సీటీ అన్న మాట చూసి ఆగాను. నేను రేడియోగ్రాఫర్ని, 14 ఏళ్లయింది.

ఆ "నేర్పుతున్నట్టు కనబడకుండా నేర్పడం" ఉందే, అది ఎలా చేస్తామో చెప్తాను. కొత్త మెషీన్ వచ్చినప్పుడు దాన్ని అమ్మిన కంపెనీ ఇంజినీరు మూడు రోజులు మాకే ట్రైనింగ్ ఇచ్చాడు. డాక్టరు గారు నాలుగో రోజు వచ్చి తెర ముందు కూర్చున్నారు. ఏ మీట ఎక్కడుందో ఆయనకి తెలీదు. మేం ఏమంటామంటే, "సార్, ఇంజినీరు ఇక్కడ ఇలా నొక్కమన్నాడు, నాకు సరిగ్గా అర్థం కాలేదు, మీరొకసారి చూస్తారా?" మాకు అర్థమయ్యే ఉంటుంది. మాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఆయన "ఊఁ, అలాగే కానీ" అంటారు. పని జరిగిపోతుంది. ఇంతకాలం ఇది మా ఒక్కచోటి బాగోతమే అనుకున్నా. నలభై ఏళ్ల కిందట అమెరికాలోనూ ఇదేనా!

ఇక గ్రూపు సంగతి. డ్యూటీ చార్టు ముందు గోడ మీద ఉండేది. మార్పు ఉంటే పెన్సిల్‌తో కొట్టేసి పక్కన సంతకం పెట్టేవారు. ఇప్పుడంతా ఫోన్లోనే. ఆ మధ్య రాత్రి 11:40కి నా డ్యూటీ మార్చి గ్రూపులో పెట్టారు. ఆ రోజే ఒక సారు పుట్టినరోజు. కేకు బొమ్మలు, పూలగుత్తులు, దండాలు అన్నీ కలిపి అరవై పైనే మెసేజ్‌లు. వాటి కింద నా డ్యూటీ పడి నలిగిపోయింది. పొద్దున్నే ఆరిలోవలో ఆటో ఎక్కి ఏడింటికల్లా వెళ్లి నిలబడితే, "నీది మధ్యాహ్నం కదా, గ్రూపు చూసుకోవా?" అన్నారు. ఇంటికి వెళ్లి మళ్లీ రాలేక ఒంటిగంట దాకా క్యాంటీన్ బల్ల మీద కూర్చున్నా.

గోడ మీద చార్టు ఉన్న రోజుల్లో నాకు చెప్పకపోతే తప్పు వాళ్లది. ఇప్పుడు నేను చూడకపోతే తప్పు నాది.

పూర్ణామార్కెట్_లెక్కలు | 8:22

మా ఓనరు గారికి టైపింగ్ రాదు. వాయిస్ మెసేజ్ పెడతారు, నాలుగు నిమిషాలది. మొదటి నిమిషం దగ్గు. రెండో నిమిషం ఎవరినో తిట్టడం. మూడో నిమిషంలో ఎక్కడో కందిపప్పు బస్తా రేటు వస్తుంది, అప్పుడే లారీ హారన్ కొడుతుంది. అందుకని ఒకడు విని చీటీ రాసి గల్లాపెట్టె మీద అంటిస్తాడు. మిగతావాళ్లం చీటీ చూస్తాం. కాగితం ఎక్కడికీ పోలేదండీ, కాస్త చుట్టు తిరిగి వస్తోంది అంతే.

సముద్రపు_గాలి | 9:02

ఎక్స్‌రే అక్కా, "చెప్పకపోతే, చూడకపోతే" అని మీరు రాసిన రెండు వాక్యాలూ నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పేరు లేకుండా థీసిస్‌లో వాడుకోవచ్చా?

సూటిగా గారూ, అమ్మమ్మగారి మాట నిజమే. కానీ మొదటి ఆసుపత్రిలో డాక్టర్లు గదుల్లోకి వెళ్లిపోతారని ఆవిడ ముందే చెప్పగలిగేవారా? ఏ వైపు ఎవరికి ఎంత తెలుసు, తెలియనివాడు అడిగినప్పుడు ఏమవుతుంది, ఆ చిన్న చిన్న మాటలు రోజూ పేరుకుంటే పద్ధతి ఎటు ఒరుగుతుంది అన్నది బార్లీ మాట మాటగా చూపించాడు. యంత్రం మార్పుకి ఒక సందర్భం మాత్రమే అని వ్యాసం శీర్షికలోనే ఉంది. అందుకే "ఉంచాలా, పీకేయాలా" అన్న ప్రశ్నకి నేను సూటిగా జవాబివ్వలేను. మీ 22 మందిలో ఎవరు ఎవరిని అడగడానికి మొహమాటపడతారో ముందు అది చెప్పండి.

రుషికొండ_నైట్‌షిఫ్ట్ | 9:20

మా దగ్గర వాట్సాప్ ఒక్కటే కాదు. తెలిసినవన్నీ అందరూ అందులో రాసి పెట్టాలని రెండేళ్ల కిందట ఓ పెద్ద పోర్టల్ తెచ్చారు. ప్రారంభం రోజు కేక్ కోశారు. ఇవాళ్టికీ అందులో ఉన్నవి రెండే ఫైళ్లు: స్వాగత సందేశం, క్యాంటీన్ మెనూ. మెనూ కూడా పాతది.

సముద్రపు_గాలి | 9:41

వాండా ఓర్లికోవ్‌స్కీ అనే పరిశోధకురాలు 1992లో అచ్చంగా దీని మీదే రాశారు. ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థ లోటస్ నోట్స్ అనే సాఫ్ట్‌వేర్‌ని వేల సంఖ్యలో కొని అందరి కంప్యూటర్లలో వేసింది. అనుభవాలు పంచుకుంటారని ఆశ. ఎందుకోసమో సిబ్బందికి ఎవరూ సరిగా చెప్పలేదు, కాబట్టి వాళ్లు దాన్ని మరో ఈమెయిల్ లాగా చూశారు. అసలు చిక్కు వేరే ఉంది. అక్కడ ప్రతి గంటనీ ఎవరో ఒక క్లయింటు ఖాతాలో రాయాలి. నేర్చుకునే గంటని ఎవరి ఖాతాలో రాస్తారు? పైగా పైకి ఎదగకపోతే బయటికి పొమ్మనే పద్ధతి. నాకు తెలిసింది పక్కవాడికి ఇస్తే ప్రమోషన్ వాడికి పోతుంది. ఆ పోటీ లేని పార్ట్‌నర్లు (అంటే సంస్థలో వాటా ఉన్న పైవాళ్లు), టెక్నికల్ సిబ్బంది మాత్రం దాన్ని బాగానే వాడుకున్నారు.

మీ దగ్గర రేటింగ్‌లు ఎలా ఇస్తారు?

రుషికొండ_నైట్‌షిఫ్ట్ | 9:44

టీమ్‌లో ఒకరికే పెద్ద రేటింగ్. అర్థమైంది మేడమ్. పోర్టల్ మెనూ దగ్గరే ఎందుకు ఆగిందో ఇప్పుడు అర్థమైంది.

సి_షిఫ్ట్_రిటైర్డ్ | ఆదివారం ఉదయం 5:50

ఏటండీ, రాత్రంతా మాట్లాడుకున్నారా. నాకు ఇప్పటికీ నాలుగున్నరకే మెలకువ వచ్చేస్తుంది, షిఫ్టుల అలవాటు. ఫ్యాక్టరీలో 34 ఏళ్లు చేసి 2017లో రిటైరయ్యాను. కాస్త పెద్దది రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

మాకు ప్రతి సెక్షన్‌లో ఒక లాగ్ బుక్ ఉండేది. పొడుగు రిజిస్టరు, ఎర్ర కాలికో అట్ట, గ్రీజు మరకలు. ఎ షిఫ్టు దిగేవాడు బి షిఫ్టు వాడికి అందులో రాసి, పక్కన నిలబడి నోటితో కూడా చెప్పి వెళ్లాలి. ఒకసారి మా వాడొకడు రాశాడు: "3వ కన్వేయర్, తోక వైపు బేరింగ్ వేడి. చెయ్యి పెట్టి చూడండి." "చెయ్యి పెట్టి" కింద పెన్నుతో రెండు గీతలు, కాగితం చిరిగేంత గట్టిగా. వాడు మామూలుగా గీతలు గీసే మనిషి కాదు. అది చూసి నేను టీ కూడా తాగకుండా నేరుగా అక్కడికే వెళ్లాను.

తర్వాత కంప్యూటర్ లాగ్ వచ్చింది. సాధారణం, గమనించాలి, ఆపాలి. మూడింట్లో ఒకటి నొక్కాలి. "ఆపాలి" నొక్కితే పైనుంచి ఫోన్లు. "సాధారణం" నొక్కితే, ఏదన్నా అయితే మన మెడకి చుట్టుకుంటుంది. కాబట్టి అందరూ అన్నింటికీ "గమనించాలి" నొక్కడం మొదలెట్టారు. అన్నీ గమనించాల్సినవే అయితే ఇంకెవడు గమనిస్తాడు? ఒక రాత్రి బేరింగ్ పట్టేసి బెల్టు ఆరు గంటలు ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదృష్టం. కంప్యూటర్లో మాత్రం మూడు షిఫ్టులూ "గమనించాలి" అనే ఉంది.

ఇంకొకటి. లాగ్ బుక్ ఆఖరి పేజీల్లో మా వాళ్ల ఇళ్ల గుర్తులు ఉండేవి. అడ్రసులు కాదు, గుర్తులు: "రామాలయం వెనక రెండో సందు, నీలం గేటు" అని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు లేదు, సెల్‌ఫోన్లు లేవు, రోడ్డంతా చెట్లు. పొద్దున షిఫ్టు వాళ్లకి బదులు మనుషులు రాలేదు. గాలి తగ్గాక ఆ ఆఖరి పేజీ చింపుకుని ఇద్దరు కుర్రాళ్లు కూర్మన్నపాలెం సందుల్లోకి నడిచి వెళ్లారు. నీలం గేటు గాలికి కొట్టుకుపోయింది, రామాలయం మాత్రం ఉంది. మనుషుల్ని వెతికి తీసుకొచ్చారు.

కంప్యూటర్ వద్దని కాదు నేననేది. లెక్కలకి అది మంచిదే. కానీ ఆ రెండు గీతలు గీయడానికి అందులో చోటు లేదు.

ఎక్స్‌రే_గది | 6:30

బాబాయ్ గారూ, దండం.

సముద్రపు_గాలి | 8:15

బాబాయ్ గారూ, మీది చదివాక టీ చల్లారిపోయింది. షొషానా జుబాఫ్ అనే పరిశోధకురాలు 1988లో తెచ్చిన పుస్తకంలో అమెరికాలోని కాగితపు గుజ్జు మిల్లుల కార్మికులు ఉన్నారు. అంతకుముందు వాళ్లు గుజ్జుని చేత్తో నలిపి, వాసన చూసి సంగతి చెప్పేసేవారు. కంప్యూటర్లు వచ్చాక గాజు గదిలో తెర ముందు కూర్చోవాల్సి వచ్చింది. అంకెలు నమ్మాలా వద్దా తెలియక మొదట్లో లేచి వెళ్లి చూసొచ్చేవారట. అయితే ఆవిడ రెండో వైపు కూడా చెబుతారు: ఆ తెర మీది సమాచారాన్ని కార్మికుల చేతికి సరిగ్గా ఇస్తే, ముందు కనబడని విషయాలు కూడా వాళ్లకి తెలుస్తాయి. ఇస్తారా, వాళ్ల మీద నిఘాకి వాడతారా అన్నది యాజమాన్యం ఎంచుకునేదే.

ఆ మూడు మీటల కింద "మీ మాటల్లో రాయండి" అని ఒక ఖాళీ గడి ఉండేదా?

సి_షిఫ్ట్_రిటైర్డ్ | 8:40

ఉండేదమ్మా. ఇంగ్లీషులోనే రాయాలి. మా వాళ్లలో సగం మందికి రాయడానికి సిగ్గు. ఖాళీగా వదిలేసేవారు.

నిర్వాహకుడు | 9:10

రాత్రి ఒక సభ్యుడు తన కంపెనీ పేరు, మేనేజర్ పేరు పెట్టి రాసిన పోస్టు తొలగించాను. అనుభవం రాయండి, పేర్లు వద్దు.

మద్దిలపాలెం_మాస్టారు | 11:25

నేను కాలేజీలో కామర్స్ చెబుతాను. ఇక్కడ అందరూ వాట్సాప్ మీద పడ్డారు కాబట్టి చిన్న అడ్డుపుల్ల వేస్తాను. ఇదే బార్లీ మరో ఇద్దరితో కలిసి 2011లో ఈమెయిల్ గురించి రాశాడు. జనం తమ ఒత్తిడికి ఈమెయిలే కారణం అన్నారు. లెక్క తీస్తే మీటింగులు, ఫోన్లు కూడా రోజుని అంతే సాగదీస్తున్నాయి. కానీ మీటింగ్ అయిపోతే మాయమైపోతుంది. మెయిల్ కుప్పగా కళ్ల ముందే ఉంటుంది. కనబడేదాన్ని తిడతాం.

మా స్టాఫ్ రూమ్‌లో కూడా అంతే. గ్రూపుని రోజూ తిడతారు. వారానికి మూడు సార్లు, మధ్యాహ్నం భోజనం వేళ పెట్టే మీటింగ్‌ని ఒక్కరూ తిట్టరు. అందులో ప్రిన్సిపాల్ ఉంటారు కదా.

సూటిగా_చెప్తా | 11:50

మాస్టారూ, మీతో ఏకీభవిస్తాను. ఇంకో మాట, రాత్రి పదింటికి నేను మెసేజ్ పెడితే వెంటనే చూడమని ఎవరినీ అడగలేదు. వాళ్ల ఇష్టంతోనే చూస్తున్నారు. నేనూ అంతే, నా ఇష్టంతోనే చూస్తాను. ఫోన్ చేతిలో ఉంటే పని నా అదుపులో ఉన్నట్టుంటుంది.

సముద్రపు_గాలి | మధ్యాహ్నం 12:20

సూటిగా గారూ, మీరు తెలియకుండానే ఒక ప్రసిద్ధ పరిశోధనలోని వాక్యం దాదాపు అక్షరాలా రాశారు! మెలిసా మాజ్మానియన్, ఓర్లికోవ్‌స్కీ, జోఆన్ యేట్స్ 2013లో ప్రచురించారు. బ్లాక్‌బెర్రీలు, అంటే మెయిల్ చూసుకునే ఫోన్లు, వాడే ఉద్యోగుల్ని అడిగితే ప్రతి ఒక్కరూ "నా ఇష్టం, నాకు వెసులుబాటు" అన్నారు. ఒక్కొక్కరి వరకు నిజమే. కానీ ఒకరు రాత్రి జవాబిస్తే రెండోవారు రాత్రే ఎదురుచూస్తారు. కొన్నాళ్లకి జవాబివ్వకపోవడం వింతయిపోతుంది. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టరు, ఎవరూ ఫోన్ పక్కన పెట్టలేరు.

దీన్ని ఒక్కరు విడిగా తెంచుకోలేరు. లెస్లీ పెర్లో అనే ఆవిడ బోస్టన్‌లో ఒక కన్సల్టింగ్ సంస్థతో చేసిన ప్రయోగంలో వారానికి ఒక సాయంత్రం, ఎవరిది ఎప్పుడో ముందే టీమ్ అంతా కూర్చుని నిర్ణయించుకుని, ఆ సాయంత్రం ఆ మనిషిని పూర్తిగా వదిలేశారు. మొదట్లో ఉద్యోగులే భయపడ్డారు. తర్వాత అసలు లాభం ఇంకో చోట కనబడింది: ఎవరి సాయంత్రం ఎవరు కాయాలో మాట్లాడుకోవాలి కాబట్టి, పని గురించి అంతవరకూ దాచుకున్నవన్నీ బయటికొచ్చాయి. పని వేళ దాటాక ఫోన్, మెయిల్ పక్కన పెట్టే హక్కుకి ఫ్రాన్స్‌లో 2017 జనవరి 1 నుంచి చట్టమే ఉంది, యాభై మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలు ఉద్యోగులతో ఈ విషయం మాట్లాడుకోవాలి. మన లోక్‌సభలో 2018 చివర్లో ఎంపీ సుప్రియా సూలే ఇదే హక్కు కోసం ప్రైవేటు బిల్లు (ప్రభుత్వం కాకుండా సభ్యులు సొంతంగా పెట్టేది) పెట్టారు, ముందుకు సాగలేదు.

రుషికొండ_నైట్‌షిఫ్ట్ | 12:31

"వాళ్ల ఇష్టంతోనే చూస్తున్నారు" అని మేనేజర్ అంటుంటే చదువుతూ మిరపకాయ బజ్జీ కొరికినట్టయింది. సార్, మీరు మా సార్ కాదు కదా?

సూటిగా_చెప్తా | 12:48

కాదులే తమ్ముడూ. మీ వాడు "హాయ్" పెడతాడు, నేను పెట్టను.

సరే, ఇది కూడా చెప్పేస్తాను. 22 మంది అన్నాను కదా, వాళ్లలో 9 మందే నా కింద ఉన్నట్టు. మిగతా వాళ్ల రేటింగ్ ఇంకొకరి చేతిలో ఉంటుంది. వాళ్లతో పని చేయించుకోవాలంటే ముందు వాళ్ల సీటు దగ్గరికెళ్లి చెప్తాను, తర్వాత చాట్‌లో పెడతాను, సాయంత్రం మెయిల్ చేస్తాను. ఒకే మాట మూడు సార్లు. మా ఆవిడ కూడా నవ్వుతుంది. నేను మేనేజర్నా, కొరియర్ బాయ్‌నా అని నాకే అనిపిస్తుంది.

సముద్రపు_గాలి | 1:05

పాల్ లియోనార్డి, సెడల్ నీలీ, ఎలిజబెత్ గెర్బర్ 2012లో సరిగ్గా ఈ మూడు సార్ల సంగతే చూశారు. పెత్తనం ఉన్న మేనేజర్లు ఒక మెయిల్ పెట్టి ఊరుకుంటారు. పని కాలేదని తెలిశాక అప్పుడు పరుగెత్తుతారు. మీలా పెత్తనం లేనివాళ్లు మొదటి నుంచే మనిషిని కలిసో, చాట్‌లోనో చెప్పి, వెంటనే మెయిల్ కూడా పెడతారు. పని సాఫీగా ముందుకెళ్లింది రెండో రకం వాళ్లకే. మీది కొరియర్ పని కాదు సార్.

సూటిగా_చెప్తా | 1:12

ఇది మా ఆవిడకి ఫార్వర్డ్ చేస్తున్నాను. మూడు చోట్లా.

మద్దిలపాలెం_మాస్టారు | 1:30

గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు చేసిన 2012 ప్రయోగం కూడా చెప్పమ్మా. 13 మంది ఉద్యోగులకి అయిదు పనిదినాలు ఈమెయిల్ కట్ చేసి, గుండె కొట్టుకునే తీరు కొలిచారు. ఒత్తిడి తగ్గింది, ఒక పని మీద ఎక్కువసేపు నిలిచారు, లేచి ఒకరి దగ్గరికొకరు నడిచి వెళ్లారు. నాకు నచ్చింది అందులో ఒకాయన సంగతి. బాస్ అస్తమానం మెయిల్‌లో పనులు అంటగట్టేవాడట. మెయిల్ ఆగేసరికి, బాస్ గది అదే వరండాలో ఉన్నా, నడిచి వచ్చి ఒక్క పనీ చెప్పలేదు.

పూర్ణామార్కెట్_లెక్కలు | 1:41

అంటే మా ఓనరు గారి ఫోన్ పాడైతే మాకు పండగేనన్నమాట.

ఎక్స్‌రే_గది | సోమవారం రాత్రి 9:35

సముద్రపు గాలీ, నా మాటలు వాడుకో అమ్మా, పేరు లేకుండా. ఇవాళ్టి కొత్త సంగతి కూడా రాసుకో.

నా క్యాంటీన్ కథ పైకి వెళ్లింది. మా ఇన్‌ఛార్జి గ్రూపుని "అడ్మిన్లు మాత్రమే" అని మార్చేశారు. కేకులు, దండాలు ఆగిపోయాయి, బాగానే ఉంది. డ్యూటీ మార్పు ఇప్పుడు స్పష్టంగా కనబడుతుంది. కానీ "నాకు గురువారం కుదరదు, ఎవరైనా మార్చుకుంటారా?" అని అడగాలంటే గ్రూపులో నోరు లేదు. ముందు గోడ చార్టు దగ్గర నలుగురం నిలబడి పెన్సిల్ తీసుకుని అక్కడికక్కడే తేల్చుకునేవాళ్లం. అందుకని మా వాళ్లు ఇన్‌ఛార్జి లేకుండా "టిఫిన్" అని ఇంకో గ్రూపు పెట్టుకున్నారు. మార్పులన్నీ అందులో కుదుర్చుకుని, అయిపోయాక ఇన్‌ఛార్జికి చెబుతున్నాం. "మేడమ్, మీరు ఒకసారి చూసి సరే అంటారా?" అని.

సముద్రపు_గాలి | 9:50

అక్కా, ఇది అచ్చం ఆ మొదటి ఆసుపత్రి! నిర్ణయం మీ దగ్గరికొచ్చేసింది, ఆవిడ గదిలో ఉండిపోయారు. ఇన్‌ఛార్జికి "టిఫిన్" సంగతి తెలుసా?

ఎక్స్‌రే_గది | 10:04

తెలియదనుకున్నాం. సాయంత్రం కొత్తగా చేరిన పిల్ల పొరపాటున ఆవిడని కూడా అందులో చేర్చేసింది. ఆవిడ ఏమీ అనలేదు. "రేపు టిఫిన్ ఏంటి?" అని మాత్రం పెట్టారు.

ఇప్పుడు "కాఫీ" అని ఇంకోటి పెట్టారు.